ఒక్క పేరున్న బ్యాలెట్

అమెరికాలో, ఒహాయోలోని టాల్బర్ట్ కౌంటీలో ఆర్లీన్ ప్రూయెట్ ఇరవై రెండేళ్లుగా ప్రతి ఎన్నికకీ పోలింగ్ జరిగే అదే చర్చి హాల్లో, అదే బల్ల దగ్గర కూర్చుంటోంది. వచ్చినవాళ్ల పేరూ చిరునామా అడగాలి, సంతకం పెట్టించుకుని బ్యాలెట్ ఇవ్వాలి. అభ్యర్థుల గురించి నోరెత్తితే లేపి ఇంటికి పంపేస్తారు. ఆమె ఏనాడూ ఎత్తలేదు.

ఈసారి మాత్రం ఒక్క మాట అడిగే తీరాలని వచ్చింది. పంపేస్తే పంపేయనీ.

మూడేళ్ల కిందట ఆమె కొడుకు డెనిస్‌ని పెట్రోలు బంకులో ఒకడు కాల్చి చంపాడు. కౌంటీ ప్రాసిక్యూటర్ రోజర్ కెట్రింగ్, ప్రభుత్వం తరఫున కేసులు నడపడానికి జనం ఓట్లేసి గెలిపించిన మనిషి, ఆమెని మూడుసార్లు ఆఫీసుకి పిలిపించాడు. "విచారణకి వెళ్తే ఓడినా ఓడతామమ్మా. వాడు చిన్న నేరం ఒప్పుకుంటే ఆరేళ్లు ఖాయం" అన్నాడు. వద్దని ఆమె కాళ్లావేళ్లా పడింది. ఆయన మాత్రం వాడితో రాజీ కుదుర్చుకున్నాడు. కాగితం మీద హత్య కాస్తా హత్య కాకుండా పోయింది. ఇప్పుడు ఆయన కరపత్రం నిండా అంకెలే. హత్య కేసులు సగానికి తగ్గాయట, నూటికి తొంభై ఆరు కేసుల్లో శిక్ష పడిందట. ఎలా తగ్గాయో ఆర్లీన్‌ని అడిగితే చెబుతుంది, కానీ అడిగినవాడేడీ?

పైగా ఆయన మీద పోటీకి ఎవరూ నిలబడలేదు. బ్యాలెట్ మీద ఒక్కటే పేరు.

"ఒక్కడే పరిగెత్తి ఒక్కడే కప్పు ఎత్తుకుపోతాడు చూడు" అంది పక్క కుర్చీలోని డాటీ.

"ఊరుకోవే, ఇక్కడ మాట్లాడకూడదు."

"నేను పేరెత్తానా ఏంటి?"

మధ్యాహ్నం కెట్రింగ్ వచ్చాడు. అందరితో చేతులు కలిపి, నవ్వుతూ బల్ల ముందు నిలబడ్డాడు.

"పేరు చెప్పండి" అంది ఆర్లీన్.

"నా పేరు తెలీదా అమ్మా?"

"మీకు నా పేరు తెలుసా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తెలియలేదు. మూడుసార్లు ఎదురుగా కూర్చుని ఏడ్చిన మనిషిని గుర్తుపట్టలేదు.

"నేను డెనిస్ ప్రూయెట్ వాళ్ల అమ్మని."

డాటీ బల్ల కింద నుంచి ఆమె మోకాలు నొక్కి పట్టుకుంది.

కెట్రింగ్ ముఖం ఒక్కసారిగా వెలిగింది.

"డెనిస్! గుర్తులేకపోవడమేంటమ్మా? పెట్రోలు బంకు కేసు. మనం గెలిచాం కదా!"

'నా కొడుకుది హత్య కాదా' అని అడగాలని వచ్చిన ఆర్లీన్ ఇక అడగలేదు. సంతకాల పుస్తకం ఆయన వైపు తిప్పింది.

"ఇక్కడ సంతకం పెట్టండి" అంది.