మిషన్ సంతకం

కేసినోలో స్లాట్ మిషన్లకు సంతకం ఉంటుందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. లోపలి ప్రోగ్రామ్ నుంచి పుట్టే అక్షరాల, అంకెల వరస అది. ప్రోగ్రామ్‌లో ఒక్క చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. ప్రభుత్వం ఆమోదించిన వరసతో దాన్ని పోల్చి చూడటం నా ఉద్యోగం. రెండూ కలిస్తే మిషన్ నిప్పులాంటిదని రాసిస్తాను. అంటే, ఆమోదించిన పద్ధతిలోనే జనం జేబులు ఖాళీ చేస్తోందని.

ఓ శనివారం మధ్యాహ్నం పెద్ద జాక్‌పాట్ పడిందని పిలిచారు. మిషన్ ముందు కూర్చున్నావిడ మన తెలుగావిడే. ఎయిర్‌పోర్టు దగ్గర ఎటోబికోలో విమానాలకు భోజనాలు ప్యాక్ చేసే కిచెన్‌లో పని. నేనూ తెలుగుదాన్నేనని ఇట్టే పట్టేసింది. ఈ డబ్బు చేతికొస్తే నిలబడి చేసే షిఫ్టు మానేస్తానని, మోకాళ్లు ఇక మాట వినడం లేదని చెప్పుకొచ్చింది.

మా మేనేజరుకు మాత్రం ఇంట్లో ఎవరో పోయినంత దిగులు. సంతకం కలవకపోతే మిషన్ పాడైందని చెప్పి డబ్బు ఎగ్గొట్టొచ్చు. లాప్‌టాప్ తగిలించి చూశాను, కలిసింది. ఇంకోసారి చూడమన్నాడు. మళ్లీ కలిసింది. కేబుల్ మార్చి చూడమన్నాడు. రోజూ అదే మిషన్ జనాన్ని పీల్చి పిప్పి చేస్తుంటే ఈ మహానుభావుడికి కేబుల్ మీద ఎన్నడూ అనుమానం రాలేదు. నాకు ఒళ్లు మండింది. కేబుల్ మార్చినా కలిసింది.

ఇక లాభం లేదని ఆవిడ సంతకం మీద పడ్డాడు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నది ఎప్పుడో చేసిన సంతకం. ఇప్పుడు డబ్బు ముట్టినట్టు ఫారం మీద పెట్టేసరికి వేళ్లు వణికి చివరి అక్షరం వంకరపోయింది. కలవలేదన్నాడు. మళ్లీ పెట్టించాడు, ఇంకా వంకరపోయింది. వచ్చే వారం ఇంకో ఐడీ తీసుకుని రమ్మన్నాడు, అప్పటిదాకా డబ్బు ఆపేస్తామన్నాడు.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"ఇన్నేండ్ల నుంచి వస్తున్నా. పోగొట్టుకున్న రోజు నా సంతకం ఎవ్వరూ అడగలేదు కదమ్మా."

ఒక్క ముక్క తగ్గించకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన భుజాలెగరేసి పాలసీ అన్నాడు.

ఆవిడ లేచింది. ఇంటికి వెళ్తుందనుకున్నాను. బస్సుకు ఇంకా టైముందంటూ పక్క మిషన్ ముందు కూర్చుని, వణికే ఆ చేత్తోనే ఓ నోటు దాని నోట్లో పెట్టింది. మేనేజరు ఆవిడకు ఫ్రీగా కాఫీ పంపించాడు.