అచ్చుకు ముందు వాళ్ళింటికి

ఈ ఉదయం తలుపు తీయగానే వెచ్చని గాలి మొహానికి తగిలింది. చూరు మీది మంచు కరిగి టపటపా రాలుతోంది. కాల్గరీ చలికాలంలో కొండల వైపు నుంచి ఉన్నట్టుండి వీచే ఈ గాలిని చినూక్ అంటారు. పక్కింటివాళ్ళు కారు కడుక్కుంటూ సంబరపడుతున్నారు. నాకు మాత్రం ఎలినార్ గారు గుర్తొచ్చి దిగులేసింది. ఇలాంటి రోజునే ఆవిడ ఫోన్ చేసి, "మంచు కరిగింది, కారు తీసుకుని వచ్చెయ్," అనేవారు.

ఎలినార్ గారు మార్మన్ల చరిత్ర రాసిన మనిషి. తానూ మార్మనే. ఆ మతంవాళ్ళు ఒకప్పుడు అమెరికా నుంచి బళ్ళు కట్టుకుని వచ్చి అల్బర్టా దక్షిణాన ఊళ్ళు కట్టుకున్నారు. అలాంటి ఒక ఊళ్ళో రైతు ఇంట పుట్టి, తన పిల్లలు ఎదిగాక పీహెచ్‌డీ చేసి, యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక మళ్ళీ ఆ ఊరికే చేరారు. ఆవిడ చేసే ఇంటర్వ్యూలు రికార్డు చేసి టైపు చేయడం నా పార్ట్‌టైమ్ ఉద్యోగం. నేను భీమవరంలో పాస్టరు గారి అమ్మాయిని. మార్మన్లు అసలు క్రైస్తవులే కారని, వాళ్ళకు ఆమడ దూరంలో ఉండాలని విని పెరిగాను. మొదటిసారి ఇద్దరం కారులో వెళ్తున్నప్పుడు మర్యాదకి ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసిచ్చాను. ఆవిడ దారి పొడవునా కప్పును రెండు చేతులతో పట్టుకుని కూర్చుని, దిగే ముందు, "మాకు టీ నిషేధం. కానీ చేతులు భలే వెచ్చబడ్డాయి," అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడకొక పద్ధతి ఉండేది. చనిపోయినవాళ్ళ గురించి ఇబ్బందికరమైన సంగతి రాస్తే, అచ్చుకు ఇవ్వకముందే వాళ్ళ వారసుల ఇంటికి వెళ్ళి ఆ పేజీలు పైకి చదివి వినిపించేవారు. ఈమెయిల్ చేస్తే పోయేదానికి ఈ తిరుగుడేమిటని నేను విసుక్కుంటే, "తిట్టదలుచుకున్నవాళ్ళకి నేను ఎదురుగా ఉండాలి కదా," అని నవ్వేవారు.

అలా ఒకరోజు రాల్ఫ్ గారింటికి వెళ్ళాం. ఆయన ఆ ఊరి చర్చికి పెద్ద. ఆయన నాయనమ్మ, ఆ మతంలో అప్పుడున్న ఆచారం ప్రకారం, తాతకు రెండో భార్య. ఒక్క పెళ్ళినే ఒప్పుకునే ఈ దేశపు చట్టానికి భయపడి, ఆమెను మొదటి భార్య అయిన పెద్దావిడకు చెల్లెలని చెప్పుకుని, ఆమె బిడ్డల్ని పెద్దావిడ బిడ్డలుగా పెంచారు. అది పుస్తకంలోకి ఎక్కబోతోంది. ఎలినార్ గారేమో ఏళ్ళ తరబడి అదే చర్చిలో ఆదివారం పాఠం చెబుతున్నారు. యూనివర్సిటీ ఉద్యోగం కన్నా ఆ క్లాసే ఆవిడకు ప్రాణం. దాన్ని ఉంచడం, తీసెయ్యడం రాల్ఫ్ గారి చేతిలో ఉంది.

చదవడం అయ్యేసరికి ఆయన మొహం కందిపోయింది. "ఇది తీసెయ్యండి," అన్నారు.

"తప్పెక్కడుందో చూపించండి, దిద్దుతాను."

"తప్పని నేననలేదు. ఇప్పుడిది అవసరమా?"

"ఆమెకు అవసరం, రాల్ఫ్. కన్న కొడుకే ఆమెను పిన్నీ అని పిలిచాడు."

 ఆయన కిటికీ వైపు తిరిగి, "చుట్టాలొస్తే ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చునేది కాదట. మా నాన్న ఆ మాట చెప్పి ఏడ్చేవాడు," అన్నారు. అది కూడా రాయవచ్చా అని ఎలినార్ గారు మెల్లగా అడిగారు. ఆయన తలూపారు.

అయినా పుస్తకం వచ్చాక రాల్ఫ్ గారు ఆవిడ క్లాసు తీసేశారు. తరువాతి ఆదివారం ఆవిడ అదే గదిలో వెనక వరసలో కూర్చుని వేరొకరు చెప్పే పాఠం విన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకా ఆ చర్చికెందుకు వెళ్తారు మేడమ్?"

"నా వాళ్ళు అలిగారు. వదిలేసి ఎక్కడికి పోను?"

ఆవిడ కిందటేడు పోయారు. శవపేటికను మోసినవాళ్ళలో రాల్ఫ్ గారు ముందున్నారు.

ఇప్పుడు కాల్గరీలోని మా తెలుగు చర్చి చరిత్ర రాసే పని నా మీద పడింది. దాన్ని ఒక బేస్‌మెంట్‌లో మొదలుపెట్టింది సామ్యూల్ అంకుల్. తర్వాత పంతానికి పోయి, సగం మందిని వెంటబెట్టుకుని వేరు చర్చి పెట్టిందీ ఆయనే. అసలు ఆయన పేరే లేకుండా రాసెయ్యమన్నారు కమిటీవాళ్ళు. నేను రెండు సంగతులూ రాశాను. పోయిన శనివారం ఆ పేజీలు పట్టుకుని అంకుల్ ఇంటికి వెళ్ళాను. ఆయన పంతం వల్లే చర్చి చీలిందన్న వాక్యాన్ని గొంతు తగ్గించి చదివాను. ఆంటీ లేచి చప్పుడు చెయ్యకుండా వంటింట్లోకి వెళ్ళిపోయారు. అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ ముక్క మళ్ళీ చదువమ్మా, గట్టిగా. ఆవేళ మీ ఆంటీ వద్దని ఎంత చెప్పినా విన్లేదు నేను. తనకీ వినపడాలి."