అత్తగారి కోసం పెట్టించిన ఏసీ

మా ఆయన ఉద్యోగం సీలేరు పవర్‌హౌస్‌లో. నీళ్లతో కరెంటు పుట్టించే చోట పనిచేస్తాడు కాబట్టి, కరెంటుతో నడిచే ఏ వస్తువు గురించైనా తన మాటే చివరిమాటని ఆయన నమ్మకం. ఆ నమ్మకం లంబసింగిలో చల్లబడింది.

రెండో కాన్పుకి నేను పుట్టింట్లో ఉండే వీలు లేకపోయింది. అమ్మే నర్సీపట్నం నుంచి కొండెక్కి రావాలి. అమ్మకి ఘాట్ రోడ్డంటే హడల్. "బస్సులో ఉక్కపోసీసి కడుపులో తిప్పేత్తాది. ఓపాలి వొచ్చి సూత్తాను. పెయానం పడితే పురిటికి వత్తాను, లేపోతే నా వల్ల కాదే" అంది ఫోనులో. అమ్మ లేకుండా పసిబిడ్డతో ఎలా నెగ్గుకొస్తానా అని నాకు దిగులు పట్టుకుంది. మా ఆయనకి మాత్రం ఉక్క అన్న మాటొక్కటే వినబడింది. వెంటనే మా పాత వ్యాన్‌లో వెనక సీటు పైన కొత్తగా ఏసీ బిగించేశాడు. ఇంజను ఆపినా బ్యాటరీ మీద నడుస్తుందట.

బిగించాక నాకు పాఠం కూడా చెప్పాడు. "ఇంజను వేసి ఉంచి, అద్దాలు బిగించుకుని బండిలో పడుకోకూడదు. పొగ లోపలికొస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంజను ఆపి ఏసీ నడపాలంటే దానికి వేరే బ్యాటరీ ఉండాలి. లేకపోతే బండి బ్యాటరీ దిగిపోతుంది."

"మరి వేరేది పెట్టించారా?"

"వచ్చే నెల పెట్టిస్తాను. అందాకా ఇంజను ఆపితే ఏసీ కూడా ఆపేయడమే."

జనవరిలో ఒక తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి అమ్మని తీసుకుని బయల్దేరాం. నేను ముందు సీట్లో, అమ్మ వెనక, సరిగ్గా ఏసీ కింద. ఊరు దాటకుండానే ఈయన, "చల్లగా ఉందా అత్తయ్యగారూ?" అన్నాడు.

"బాగున్నాది బాబూ."

అల్లుడి మాటకి ఎదురు చెప్పకూడదని మా అమ్మ పట్టుదల. అత్తగారి మర్యాదకి లోటు రాకూడదని ఈయన పట్టుదల. బాగుందన్నప్పుడల్లా ఇంకాస్త పెంచాడు. ఘాట్ మొదలయ్యేసరికి నా కాళ్లు కొయ్యబారాయి. ఆపమంటే, "మీ అమ్మగారికి బాగుందట, మధ్యలో నీకెందుకు?" అని, తను మాత్రం మంకీ క్యాప్ తగిలించుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే దుప్పట్లోంచి అమ్మ ముక్కొక్కటే కనబడింది. నేను నోరు తెరవబోతే వద్దని కళ్లతోనే కసిరింది.

లంబసింగిలో మంచు కమ్మేసి ఎదుటి మనిషి కనబడలేదు. టీకి ఆగాం. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. "నిద్రపోతున్నారు, లేపకు" అని ఈయన ఇంజను ఆపాడు, పొగ ప్రమాదం కదా. ఏసీ మాత్రం ఆపలేదు.

"బ్యాటరీ దిగిపోదూ?"

"టీ తాగేంతసేపే."

టీ అయింది. ఇంకో టీ అయింది. నెగడు చుట్టూ చలి కాచుకుంటున్న వాళ్లందరికీ ఏసీ ఎలా పనిచేస్తుందో వివరించడం మాత్రం అవలేదు. టీ కాసే ఆవిడ అంతా విని, "ఏటి బాబూ, ఈ సలిలో ముసిలమ్మని ఐసుపెట్టెలో ఎట్టినావా?" అంది.

పరిగెత్తి తలుపు తీశాను. అమ్మకి నిద్రా లేదు, పాడూ లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదమ్మా?"

"అల్లుడుబాబు ముచ్చటపడి ఎట్టించినాడే. వొద్దంటే ఏటనుకుంటాడు?"

అమ్మని నెగడు దగ్గర కూర్చోబెట్టాం. ఈయన తాళం తిప్పితే బండి ఒకసారి మూలిగి ఊరుకుంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అమ్మ ఇక్కడే కిందికెళ్లే బస్సెక్కేస్తుంది, పురిటికి రాదు, అనుకున్నాను.

నెగడు దగ్గర ఉన్నవాళ్లే వచ్చి బండిని పల్లానికి తోశారు. తెరిచిన తలుపులోంచి స్టీరింగు పట్టుకుని అందరికన్నా గట్టిగా తోసి, బండి కదలగానే లోపలికి ఎగిరి కూర్చుంది మంకీ క్యాప్ మనిషే. బండి అందుకున్నాక అమ్మ నా సీట్లో ఎక్కి కూర్చుని అద్దం దించేసింది. సీలేరు దాకా ఎన్ని మలుపులు తిరిగినా మొహానికి గాలి కొట్టించుకుంటూ, కాఫీ తోటలు చూస్తూ హాయిగా వచ్చింది. వెనక కూర్చుని వాంతులు చేసుకున్నది నేను.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఈయన పక్కనే ఉండగా అమ్మ నాతో అంది: "పురిటికి వత్తానని మీ ఆయనకి సెప్పవే. ఆ కిటికీ సీటు నాదని కూడా సెప్పు."

మే నెలలో మళ్లీ తీసుకొచ్చాం. ఈసారి ఏసీకి వేరే బ్యాటరీ ఉంది. గాలి మనిషి మీద పడకుండా పైకి తిప్పి ఉంది. నర్సీపట్నంలో ఎండ మండిపోతోందని కాసేపు సన్నగా వేశాడు. ఘాట్ మొదట్లో అలవాటు కొద్దీ అడిగాడు. "బాగుందా అత్తయ్యగారూ?"

అమ్మ నా వంక చూసింది, రోడ్డు వంక చూసింది, గొంతు సవరించుకుంది.

"సలేత్తంది బాబూ, ఆపీయండి."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అమ్మ వద్దని చెప్పిన మొదటి మాట అది. ఈయన ఏసీ ఆపి అద్దాలన్నీ దించేశాడు. ఇల్లు చేరేదాకా ఆ మొహంలో నవ్వు పోలేదు.