గోడన్న ఇంటికి తెచ్చుకున్న చిన్న స్పీకరు

గోడన్నకి ఆ పేరు పెట్టింది బ్యాండువాళ్ళు. పాతికేళ్ళ పైచిలుకు ప్రతి స్టేజీ మీదా డ్రమ్ముల పక్కన, వెనక గోడకి వీపు ఆనించి, పాట అడుగున లోతు స్వరాలు పలికే బేస్ గిటారు మెడలో వేసుకుని నిలబడ్డ మనిషి. ముందు పాడేవాళ్ళు గంతులేసినా, లీడ్ గిటారు వాయించేవాడు మోకాళ్ళ మీద కూలబడి జుట్టు విదిలించినా ఈయన మాత్రం అంగుళం కదిలితే ఒట్టు. ఫొటోల్లో కూడా సగం మొహం డ్రమ్ముల మీది ఇత్తడి పళ్ళేల వెనకే ఉండేది. పిలిచినా ముందుకొచ్చే రకం కాదు. ముందుకి రమ్మంటే చెమటలు పట్టేసేవి పాపం.

పగలు కళ్ళద్దాల కొట్లో పని. అద్దాలు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, వచ్చినవాళ్ళ ముక్కు మీద పెట్టి చూడడం, చెవి వెనక కాడ కాస్త వేడి చేసి వంచడం, "ఇప్పుడు నొక్కుతోందా అండీ?" అని మళ్ళీ మళ్ళీ అడగడం. సాయంత్రం కొట్టు మూయగానే గిటారు భుజానేసుకుని ఎక్కడ పెళ్ళి ఉంటే అక్కడికి, ఏ హోటల్లో వేడుక ఉంటే అక్కడికి. ఇంట్లో ఆయన భార్య, బ్యాండువాళ్ళందరికీ వదిన, కుట్టు మిషను ముందు కూర్చుని ఉండేది. పొడుగు ప్యాంట్లు పొట్టి చేయడం, బిగుతైనవి వదులు చేయడం, తెగిన జిప్పులు మార్చడం ఆమె పని. ఆ పని చేసుకుంటూనే పిల్లల్ని పెంచింది. ఈయన ఇంటికొచ్చేసరికి అందరూ నిద్రలో ఉండేవాళ్ళు.

ఈమధ్య గోడన్నకి భుజం పట్టేసింది. బరువులు ఎత్తొద్దని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. బేస్ గిటారుకి పెట్టే స్పీకరంటే చేత్తో పట్టుకుపోయేది కాదు మరి. ఇద్దరు పట్టి దించాలి. బ్యాండులో అందరూ దాన్ని బీరువా అనే పిలిచేవాళ్ళు. గోడన్న ఆ బీరువాని బ్యాండుకే వదిలేసి, ఆఖరి ప్రోగ్రాం వాయించి, గిటారొక్కటీ పట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఎవరూ పొమ్మనలేదు, ఏ గొడవా లేదు. కానీ మనసుకి ఊరటెక్కడ? నాలుగు రోజులు కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు.

ఒక ఆదివారం టీ తాగుతూ తన పాత ప్రోగ్రాముల గురించి ఏదో చెబుతుంటే వదిన పంటితో దారం కొరికి, మామూలుగా ఒక మాటంది.

"ఇన్నేళ్ళు వాయించారు కదా, అందులో మీది ఏదో నాకిప్పటికీ తెలీదండీ. నేనొచ్చినప్పుడల్లా పాట వినబడేది, డ్రమ్ములు వినబడేవి. మీరు మాత్రం కనబడేవాళ్ళు, అంతే."

దెప్పాలని అన్న మాట కాదు. అనేసి మళ్ళీ జిప్పు మీదకి వంగింది. గోడన్నకి మాత్రం గుండెలో కలుక్కుమంది. పిల్లాడికి జ్వరమొచ్చిన సాయంత్రాలు, కరెంటు పోయిన సాయంత్రాలు, ఆమె పుట్టినరోజు సాయంత్రాలు, అన్నీ ఆ గిటారుకే ఇచ్చేశాడు. వెళ్ళొద్దని ఆమె ఒక్కనాడూ అనలేదు. ఆ సాయంత్రాలన్నీ ఎటు పోయాయో ఆమెకి కనీసం తెలుసుననే ఇన్నాళ్ళూ అనుకున్నాడు. తెలీదన్నమాట! ఆ క్షణాన ఆయనకి ఒకటే కోరిక పుట్టింది. ఒక్క పాటలోనైనా సరే, తన వాయింపు ఇదీ అని ఆమెకి వినబడాలి. అది జరక్కపోతే ఆ సాయంత్రాలన్నీ బూడిదలో పోసినట్టేనని ఆయనకి గట్టిగా అనిపించింది.

అందుకు ఇంట్లో పట్టే స్పీకరొకటి కావాలి. ఇల్లంటే రెండు గదుల వాటా, రెండో అంతస్తు. బ్యాండులో ఒకప్పుడు కీబోర్డు వాయించిన అమ్మాయి ఇప్పుడు వాయిద్యాల కొట్టు నడుపుతోంది. అందరూ ఆమెని కీబోర్డు చెల్లెలు అంటారు. కొనేముందు ఇంట్లో పెట్టి చూసుకో అన్నయ్యా అని, ఓ మోస్తరు సైజుది ఇచ్చి పంపింది.

ఇక్కడే మనవాడు పప్పులో కాలేశాడు. బేస్ వాయించేవాళ్ళకి ఒక అలవాటుంది. స్టేజీ మీద డ్రమ్ముల హోరులో తన వాయింపు తన చెవికే ఆనదు. అందుకని స్పీకరుని కాలి పక్కనే పెట్టుకుని, మీటినప్పుడల్లా ప్యాంటు రెపరెపలాడి, పిక్కకి గాలి తగిలేదాకా సౌండు పెంచుతారు. చెవితో కాదు, పిక్కతో వింటారన్నమాట. గోడన్న ఇంట్లో కూడా అదే చేశాడు. వదినని మిషను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తను గోడకి ఆని, స్పీకరు పిక్క పక్కన పెట్టుకుని, ప్యాంటు ఊగేదాకా తిప్పి ఒక్క మీటు మీటాడు.

వంటింట్లో గ్లాసులు గలగలమన్నాయి. సూదుల డబ్బా మిషను అంచుదాకా నడిచి నేల మీద బోర్లా పడింది. రెండో పాటకి వచ్చేసరికి తలుపు చప్పుడైంది. కింది వాటాలో ఉండే నర్సమ్మ. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే పిల్ల. కళ్ళు ఎర్రగా ఉన్నా, మాట మాత్రం ఎంతో మర్యాదగా, పైన ఏమైనా మెషినరీ పెట్టారా అంకుల్, నా మంచం కదులుతోంది అని అడిగింది. గోడన్నకి తల కొట్టేసినట్టయింది. పాట ఎలా ఉందని వదినని అడిగితే, సూదులు ఏరుకుంటూ, నేల అదిరిందండీ, పాట మాత్రం నాకేం తెలీలేదు అంది. అబద్ధం ఆడడం ఆమెకి చేతకాదు.

మర్నాడే స్పీకరు తిరిగిచ్చేసి, అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. గిటారుకి గుచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు. చెవుల్లో ఏముంది, స్వర్గం! బీరువా ఇచ్చిన నిండుదనమంతా అందులో ఉంది. గోడన్న కళ్ళు మూసుకుని తన పాటలన్నీ వరసగా వాయించుకున్నాడు. కళ్ళు తెరిచి చూస్తే వదిన మిషను ఆపేసి తన వేళ్ళకేసే చూస్తోంది. ఆమెకి వినబడేది తీగల మీద గోరు తగిలే టిక్కు టిక్కు ఒక్కటే. బాగుందా అన్నట్టు తలూపి నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి గోడన్న హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేశాడు. ఇన్నేళ్ళూ ఊళ్ళో ఏదో మూల ఉండి ఆమెకి వినబడలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని కూడా వినబడకపోతే ఇక దేనికి?

ఆ శనివారం వదినని వెంటబెట్టుకుని కీబోర్డు చెల్లెలి కొట్టుకి వెళ్ళాడు. ఆమె చిన్న స్పీకర్లన్నీ వరసగా నేల మీద పేర్చింది. ఎఫెక్టు పెడళ్ళు కూడా తెచ్చి పెట్టింది. పెడలంటే కాలితో నొక్కే చిన్న పెట్టె, గిటారుకీ స్పీకరుకీ మధ్యలో ఉండి ధ్వని తీరు మారుస్తుంది. వంద రకాల ధ్వనులు ఇచ్చే పుస్తకమంత పెట్టె ఒకటుంటే గోడన్న మనసు దాని మీద పడింది. ఒక్కొక్కటే నొక్కి వాయించాడు. వదిన ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నమాట ఉన్నట్టు చెప్పేస్తోంది. ఇది బావిలోంచి మాట్లాడినట్టుందట. ఇదేమో జలుబు చేసినట్టుందట. ఇంకొకటి నొక్కితే, అమ్మో, ఇది వద్దే వద్దంది.

గోడన్నకి అసలు చిక్కు వేరే ఉంది. ఏ స్పీకరు పెట్టినా అలవాటు కొద్దీ దాని పక్కకి పోయి నిలబడుతున్నాడు. పిక్కకి ఏమీ తగలడం లేదు. చాలదు, ఇంకా చాలదు అని పెంచుకుంటూ పోతుంటే చిన్న స్పీకర్లు పాపం గరగరమని ఏడుస్తున్నాయి. ఆఖరికి విసుగొచ్చి, ఇవన్నీ ఆటబొమ్మలు, పద పోదాం అన్నాడు.

వదిన లేవలేదు.

"ఎవరి కళ్ళజోడైనా మీ ముక్కు మీద పెట్టుకుని సరిచూస్తారా?" అంది.

గోడన్న జీవితమంతా పెట్టుకునేవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి, వాళ్ళనడిగి కాడ వంచిన మనిషి. ఈ చిన్న విషయం ఎలా తట్టలేదో! కీబోర్డు చెల్లెలు చేతిలో వైరు పట్టుకుని కిసుక్కున నవ్వింది. వదిన మెల్లగానే చెప్పింది, వినాల్సింది నేను కదా, నేను కూర్చున్న చోట సరిపోవాలి కదా అని.

అక్కణ్ణించి పద్ధతి మారిపోయింది. గోడన్నని కొట్లో అవతలి మూల నిలబెట్టారు. వాయించడమే ఆయన పని, స్పీకరు జోలికి పోకూడదు. కీబోర్డు చెల్లెలు మీటలు తిప్పుతుంటే వదిన చెయ్యెత్తి ఆగమంటుంది, తలూపుతుంది, కొంచెం వెనక్కి అంటుంది. గోడన్న నిలబడ్డ చోట ధ్వని పలచగా, బక్కగా ఉంది. ఆయన ప్రాణం ఉసూరుమంటోంది. అయినా పళ్ళ బిగువున నోరు మెదపకుండా వాయించాడు. నమ్మకమంటే అదే కాబోలు, తన చెవి కాదంటున్నా ఆమె చెయ్యి చూసి వాయించుకుంటూ పోవడం.

చివరికి తేలింది చిన్న సూట్‌కేసంత స్పీకరు, రెండు పెడళ్ళు. ఒక పెడలు గట్టిగా మీటినదాన్ని కాస్త అణిచి, మెల్లగా మీటినదాన్ని కాస్త పైకి లేపుతుంది. రెండోది ధ్వనికి చిటికెడు గరుకు పూస్తుంది. అంత చిన్న స్పీకరు అట్టడుగు స్వరాన్ని పూర్తిగా పలకలేదు అన్నయ్యా, కాస్త గరుకు తగిలిస్తే మిగతాది చెవే పూరించుకుంటుంది అని కీబోర్డు చెల్లెలు వివరించింది. వంద ధ్వనుల పెట్టె కొట్లోనే ఉండిపోయింది. దానికేసి గోడన్న వెనక్కి తిరిగి ఒకసారి చూశాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంటికొచ్చాక వదిన కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డముక్కలన్నీ దట్టంగా కూరి మందపాటి దిండొకటి కుట్టింది. స్పీకరు దాని మీద కూర్చుంటే అదురు కింది నేలకి దిగదు. కుట్టు మిషను పక్క మూలలో, రెండు గోడలూ కలిసే చోట పెడితే అంత చిన్నదాని ధ్వనికీ కాస్త ఒళ్ళొచ్చింది. గోడన్న కిందికి వెళ్ళి నర్సమ్మ లేచే వేళ కనుక్కుని వచ్చాడు. ఆ వేళ దాటాకే వాయిస్తానని మాటిచ్చాడు.

ఆ సాయంత్రం వదిన ఎవరిదో కోటు లైనింగు విప్పుతోంది. గోడన్న గదిలో అవతలి గోడకి ఆని గిటారు పట్టుకున్నాడు. ఏం వాయించాలి? ఒక్క బేస్ గిటారు వాయిస్తే అందులో పాట ఉండదు, అది ఇంకొకరి పాట కింద ఉండేది. ఆ సంగతి ఇన్నాళ్ళ హడావిడిలో ఆలోచించనే లేదు. ఇంత చేసి ఏం వినిపిస్తాను ఈమెకి అని దిగులుగా నిలబడ్డాడు.

వదిన పనిలో పడి కూనిరాగం తీయడం మొదలెట్టింది. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడేది, మాటలు సగం తనే అల్లుకున్నవి. ఈయన లేని సాయంత్రాల పాట అది. గోడన్న దాన్ని ఎప్పుడో పెందలాడే వచ్చిన ఒకటి రెండుసార్లు గుమ్మంలో చెప్పులు విప్పుతూ విన్నాడు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. ఆమె రాగం కింద ఒక్కో స్వరం మెత్తగా పెట్టుకుంటూ వెళ్ళాడు. ఆమె సాగదీస్తే ఆగాడు, పరుగెడితే వెంట నడిచాడు. వదిన గొంతు ఆమెకి తెలియకుండానే కాస్త పెరిగింది. కూనిరాగం కాస్తా పాటైంది. తల వంచుకుని లైనింగు విప్పుతూనే, ఎన్నడూ లేనంత ధైర్యంగా పాడుతోంది.

ఆ పాట వింటూ గోడన్న వాయించడం మరిచిపోయాడు. వేళ్ళు తీగల మీద ఆగిపోయాయి.

వదిన పాట కూడా మధ్యలో ఆగిపోయింది. చటుక్కున తలెత్తింది. ఆమె కళ్ళల్లో కంగారు కనిపించింది.

"ఏమైందండీ? కాళ్ళ కింద నేల లాగేసినట్టయింది."

అని, ఆయన చేతికేసి చూసింది. పక్కనున్న స్పీకరుకేసి చూసింది. కోటు ఒళ్ళో పెట్టుకుంది.

"అది మీరా?" అంది. "ఇన్నేళ్ళూ అందరి పాటల కిందా ఉన్నది మీరేనా?"

గోడన్న తలూపాడు. వదిన కళ్ళు అప్పటికే నిండాయి. కొంగుతో తుడుచుకుని, కోటు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఇంతమంది పాటకి ఇలా తోడున్నారు, నాకిన్నాళ్ళకి కుదిరింది అని గొణిగింది. అందులో కోపం ఉంది, ముద్దూ ఉంది, ఏది ఎంతో ఆమెకే తెలియాలి.

"మళ్ళీ మొదట్నించీ పాడతాను. ఈసారి మధ్యలో వదిలేసి వెళ్ళకండి."

వెళ్ళనన్నాడు గోడన్న. ఆనుకున్న గోడని వదిలి, ముక్కాలి పీట ఒకటి లాక్కుని, ఆమె కుర్చీ పక్కనే కూర్చున్నాడు. వదిన గొంతు సవరించుకుని ఎత్తుకుంది.