అరుగు మీద ఓపీ

మా ఇంటి ఆడవాళ్లు ఆసుపత్రి వరుసల్లో కూర్చోరు. డాక్టరే గుమ్మంలోకి వస్తాడు. జగ్గయ్యపేటలో మా పొలాలు, మిల్లు, మేడ అన్నీ పోయి రోడ్డు వైపు రెండు గదులూ ఒక అరుగూ మిగిలాక కూడా ఆ పద్ధతిని నేను పోనివ్వలేదు.

అందుకే నా భార్య కాలి చిటికెన వేలికి చెప్పు కరిచి పుండైనప్పుడు ఎదుటి కొట్లో వైద్యం చేసే ఆరెంపీని పిలిచాను. డాక్టరు చదువు లేకపోయినా వీధంతా అతన్ని డాక్టరుగారనే అంటుంది. నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. పేటలో నా కోసం లేచేవాళ్లు అప్పటికి అట్టే మిగల్లేదు.

ఆమెకు షుగరుందని చెప్పాను. తల ఊపాడు. నీరసమంటే గ్లూకోజు బాటిలు తెచ్చి మా కిటికీ ఊచకు వేలాడదీశాడు. "రేపటికి లేచి తిరుగుతారండి అమ్మగారు" అన్నాడు. మర్నాడూ అదే బాటిలు, అదే మాట. పుండు నల్లబడి వాసన వేశాక ఒక పొద్దున చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాదం తీసెయ్యాల్సిందేనండి అయ్యగారూ. బెజవాడలో మనకు తెలిసిన ఆసుపత్రుంది. కారు కూడా మాట్లాడా."

రోగిని పంపినందుకు అతనికి ముట్టేది ముడుతుంది. నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి ఆమె అంది: "పాదం నాదయ్యా. నీ కారు నువ్వెక్కు. ఏవండీ, నన్ను నందిగామ బస్సెక్కించండి. గవర్నమెంటాసుపత్రిలో సర్జనుగారు ఉంటారంట. వరసలో నేను కూర్చుంటా. పరువు తక్కువనుకుంటే మీరు బయట నిలబడండి."

బయట కాదు, ఆ వరుసలోనే ఆమె పక్కన నిటారుగా నిలబడ్డాను. సర్జను కట్టు విప్పి ఇంతవరకూ ఏం వైద్యం జరిగిందని అడిగాడు. ఆమె చెప్పింది. "షుగరు మనిషికి గ్లూకోజు ఎక్కించిన మహానుభావుడెవరండీ?" అన్నాడు. చిటికెన వేలు తీసేసి పాదం నిలబెట్టాడు.

ఆరెంపీ మీద కేసు పెట్టమన్నారు తెలిసినవాళ్లు. కోర్టులు మా మిల్లును ఎలా మింగాయో చూసినవాణ్ని. నాకు అరుగుంది, గొంతుంది.

అప్పటి నుంచి అతను షట్టరు ఎత్తే వేళకు అరుగు మీద కుర్చీ వేసుకుంటున్నాను. ఆటో దిగినవాళ్లని దిగినట్టే ఆపుతాను.

"ఏమ్మా, ఏంటి బాధ?"

"పిల్లకి జొరమండి. తగ్గి మళ్లీ వస్తంది."

"అక్కడ సూదేసి పంపుతాడు. గవర్నమెంటాసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తారు. ఆటో తిప్పించు."

షుగరు పుండైతే నందిగామ. పాము కరిస్తే ఇటు రావద్దు, అంబులెన్సుకు ఫోను చెయ్యి. కంటికెక్కడ, కాన్పుకెక్కడ, ఏ రోజు ఏ డాక్టరుంటాడు, అన్నీ తిరిగి కనుక్కున్నాను. పగ ఉన్నవాడికి బద్ధకం ఉండదు. వత్సవాయి నుంచి వచ్చేవాళ్లు ఇప్పుడు ముందు నా దగ్గరే ఆగుతున్నారు.

మొన్న అతనే రోడ్డు దాటి వచ్చాడు.

"అయ్యగారూ, నా పొట్ట కొడుతున్నారు. మీ కాళ్లు పట్టుకుంటా."

"నా కాళ్లకేం, బాగానే ఉన్నాయి. లోపల ఆవిడ్ని అడుగు."

లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది: "పట్టుకోమనండి. వేళ్లు కూడా లెక్క చూసుకుని పొమ్మనండి."

అతను తల దించుకుని వెళ్లిపోయాడు. నేను కుర్చీని రోడ్డు వైపు ఇంకో మూరెడు జరుపుకున్నాను.