సబ్బమ్మ కళ్ళద్దాలు

ఆసుపత్రిలో అందరూ ఆమెని సబ్బమ్మ అంటారు. జ్వరాల వార్డులో ఆయాగా చేరినప్పటి నుంచి చేతులు కడుక్కోనిదే మంచినీళ్ళు కూడా ముట్టదు మరి. అంత శుభ్రమున్న మనిషికి సొంత మనవరాలిని ఎత్తుకునే యోగం లేదంటే నమ్ముతారా? నిజంగానే లేదు. పిల్ల పుట్టి మూడు నెలలైంది. ఉయ్యాల పక్కన నిలబడి చూడ్డమే గానీ వేలు కూడా తగలనివ్వడు కొడుకు.

వాడి కోపం ఊరికే వచ్చింది కాదు. కిందటిసారి ఊపిరి తీసే జ్వరం దేశమంతా కమ్మేసినప్పుడు ఆమె ఇదే వార్డులో చాకిరీ చేసింది. ఇల్లు కదలకుండా బట్టలు కుట్టుకునే ఆమె మొగుడు ఆ జ్వరంతోనే పోయాడు. "నువ్వే మోసుకొచ్చావు" అన్నాడు కొడుకు, ఒకే ఒక్కసారి. "చేతులు అరిగిపోయేలా కడుక్కున్నాకే గడప తొక్కేదాన్నిరా" అంది ఆమె. మళ్ళీ ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. ఒకే చోట తిన్నారు, మంచీచెడూ మాట్లాడుకున్నారు, ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది.

ఇప్పుడేమో దేశానికే పరీక్ష వచ్చిపడింది. మళ్ళీ అలాంటి మహమ్మారి వస్తే ఏ దేశం ఎంతవరకు తట్టుకుంటుందో చూసి మార్కులు వేసేవాళ్ళు ఉంటారట. ల్యాబులు చూస్తారు, మందుల గోదాములు చూస్తారు, ఆఖరికి ఆయా చేతులు కూడా చూస్తారు. ఈ ఆసుపత్రి తరఫున ఎవర్ని నిలబెట్టాలా అని సూపరింటెండెంటుగారు బుర్ర బద్దలు కొట్టుకోలేదు. సబ్బమ్మ ఉండగా ఇంకొకరెందుకు?

ఇంట్లో ఆ సంగతి చెబితే కొడుకు ఉయ్యాల ఊపడం ఆపాడు. "నీ చేతులు శుభ్రమని వాళ్ళు తేలిస్తే పిల్లని ఎత్తుకో" అన్నాడు. వేళాకోళానికన్న మాట కాదది. దేశానికి ఎన్ని మార్కులొస్తే ఆమెకేం, పిల్ల ఒళ్ళోకి రావాలి.

పరీక్ష ఇదీ. మంచం మీద రబ్బరు బొమ్మని రోగిలా పడుకోబెట్టి ఒళ్ళంతా ఏదో పొడి రాశారు. మామూలు వెలుతురులో అది కనబడదు, నీలం దీపం వేస్తే మెరుస్తుంది. ఆ పొడినే జబ్బనుకోవాలి. రోగికి పక్క మార్చి, మూతి తుడిచి, బయటి గదిలో తొడుగులన్నీ ఒక్కొక్కటే విప్పాలి. ఒంటిమీద ఎక్కడ మెరిస్తే అక్కడ జబ్బు అంటినట్టే.

సబ్బమ్మ పక్క మార్చింది, మూతి తుడిచింది, బయటి గదిలోకి వచ్చింది. గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి డబ్బాలో వేసింది. ముఖం మీది తెర తీసేటప్పుడు చెమటకి కళ్ళద్దాలు జారితే సర్దుకుంది. గ్లౌజులు తీసింది, మాస్కు తీసింది, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది.

గదిలో లైట్లు ఆర్పేశారు. మార్కులు వేసే డాక్టరమ్మ నీలం దీపం పట్టుకుని దగ్గరికొచ్చింది. "ఈ వెలుగు కళ్ళకి మంచిది కాదు. కళ్ళద్దాలు తీసి కళ్ళు మూసుకోండమ్మా."

కాడలు పట్టుకుని తీసి పక్కనున్న ట్రేలో పెట్టింది. అరచేతులు చాపింది. తిప్పింది. మెడ, జుట్టు, చెవుల వెనక, చెప్పులు. అన్నిచోట్లా దీపం పట్టి చూశారు.

"ఎక్కడా లేదు" అంది డాక్టరమ్మ.

సూపరింటెండెంటుగారి ప్రాణం లేచొచ్చింది. "పూర్తి మార్కులేగా?" అంటూ కాగితం వైపు వంగాడు. సబ్బమ్మ కళ్ళు తెరిచి కళ్ళద్దాల కోసం ట్రే వైపు చూసింది. అద్దాల్లేక అంతా మసకే. ఆ మసకలో, ముక్కు మీద ఆనే చోట, ఇందాక గ్లౌజు వేలితో సర్దుకున్న దగ్గర, పచ్చగా వేలిముద్రంత మెరుపు.

ఆ రోజుల్లో తను ఇంటికి రాగానే మొగుడు చేసే మొదటి పని గుర్తొచ్చింది. ఆమె ముఖం మీంచి కళ్ళద్దాలు తీసి, నోటి ఆవిరి పట్టించి, మెత్తటి గుడ్డపీలికతో తుడిచి మళ్ళీ పెట్టేవాడు. "పొద్దస్తమానం రోగుల్ని చూసే కళ్ళు. కాస్త నన్ను కూడా చూడనీ" అనేవాడు.

"లైట్లు వేయించమంటారా?" అడుగుతున్నాడు సూపరింటెండెంటు.

ఊరుకుంటే చాలు. అద్దాలు పట్టుకెళ్ళి కడిగేస్తే ఏ పీడా ఉండదు. సాయంత్రానికి పిల్ల ఒళ్ళో ఉంటుంది. కానీ కళ్ళద్దాలున్న నర్సులు ఈ వార్డులో ఇంకా ఉన్నారు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి.

"ఆగండి. ఆ దీపం ఇటు పట్టండి" అంది.

డాక్టరమ్మ పట్టింది. సూపరింటెండెంటు ముఖం మాడిపోయింది. "అవి కళ్ళద్దాలండీ, చేతులు కావు కదా!" అని గొణిగాడు.

"ఇంటికి ఇవే పెట్టుకెళ్తారా?" అడిగింది డాక్టరమ్మ.

"ఇంకో జత లేదమ్మా." ఏడుపు ఆపుకోలేకపోయింది.

మార్కులు కోశారు.

సాయంత్రం కొడుకు పిల్లని ఎత్తుకుని గుమ్మంలోనే ఉన్నాడు. "ఏమన్నారు?"

"చేతులు శుభ్రమేనన్నారు." గడప అవతలే నిలబడి కళ్ళద్దాలు తీసింది. "కానీ నువ్వన్నదే నిజంరా. నాన్నకి నేనే తెచ్చాను. వీటితో తెచ్చాను. రోజూ తుడిచేవాడు కదా."

వాడు తల దించుకున్నాడు. తండ్రి అలా తుడవడం వాడూ రోజూ చూసినవాడే. చెయ్యి చాపి ఆ కళ్ళద్దాలు తీసుకున్నాడు. పిల్లని భుజాన వేసుకునే కుళాయి దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి కడిగి, గట్టు మీద ఆరబెట్టాడు. చేతులు కూడా కడుక్కుని వచ్చాడు.

"ఇవి ఆరాక పెడతాలే. ముందు దీన్ని ఎత్తుకో" అన్నాడు.

పిల్ల ముఖం ఆమెకి సరిగ్గా కనబడలేదు. కొడుకు ఏడుస్తున్నాడని మాత్రం గొంతుని బట్టి తెలిసింది.