ఫోను నంబరున్న రాత

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అయినా పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్ల సంగతులు ఎవరైనా నెట్‌లో రాయగలిగే మా వికీలో చెత్త ఏరే పని నాకే అప్పగించారు. జూదం సైట్లు, ఒళ్లు తగ్గించే మందులు, రోజూ ఏదో ఒక ప్రకటన వచ్చి పడేది. అన్నిటి చివరా ఫోను నంబరుండేది. నంబరు కనిపిస్తే చాలు, చదవకుండా చెరిపేసేదాన్ని.

అలాగే పక్క ఊరి పడవాయన రాసింది కూడా చెరిపేశాను. సరస్సులో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో చీటీలు తీసి తేల్చుకునే పద్ధతిని ఆయన నాలుగు రోజులు కూర్చుని ఫోనులో రాశాడట. పడవ గాలికి కొట్టుకుపోతే అది దొరికినవాళ్లు ఫోను చేస్తారని మావాళ్లు దాని మీద నంబరు రాయించుకుంటారు. ఆ అలవాటు కొద్దీ రాత కిందా నంబరు వేశాడు.

చేపల రేవులో ఎదురుపడి అడిగాడు.

"ఏమక్కా, నేను నీకు మందులమ్మేవోడి మాదిరి కనపడినానా?"

"చదవలేదబ్బయా. నంబరు చూసి తీసేసినా."

"చదవకుండానా? ఇందుకేనా అంత వయసులో చదువు నేర్చుకున్నావు?"

నాకు కోపం రాలేదు, సిగ్గూ రాలేదు. ఇంటికొచ్చి చెరిపినదాన్ని వెనక్కి తెప్పించి మొదటిసారి చదివాను. బాగా రాశాడు. సగమే ఉంది. మిగతాది రేపు రాస్తానని కింద ఉంది.

ఇప్పుడు అనుమానమొచ్చిన రాతను ఆపి, పూర్తిగా చదివి, ప్రకటన కాదని తేలితే నంబరు మాత్రం తీసేస్తున్నాము. మిగతా సగం రాయమని ఆయన్ను రెండుసార్లు అడిగాను.

"చూద్దాంలే అక్కా," అన్నాడు.

ఇంతవరకు రాయలేదు.